ఒకే జాయ్‌స్టిక్

శిక్షణ గదిలో రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్, మధ్యలో ఒకే ఒక జాయ్‌స్టిక్. అసలు విమానంలో పైలట్లిద్దరికీ చెరో కంట్రోల్ ఉంటుంది. ఈ చవక ఏర్పాటులో ఆ భాగ్యం లేదు.

కో-పైలట్‌కు ఇది రెండో పరీక్ష. పోయిన పరీక్షలో కెప్టెన్ తప్పు చేస్తున్నా ఆమె నోరు మెదపలేదు. ఈసారీ మెదపకపోతే విమానం ఎక్కనివ్వనని శిక్షకుడు తేల్చి చెప్పేశాడు. పక్కనున్న కెప్టెన్ పరాయివాడైనా బాగుండేది. స్వయానా పెదనాన్న. పుట్టి బుద్ధెరిగాక ఆయన ముందు గొంతెత్తింది లేదు.

"ఈ వీడియోగేమ్‌తో నాకు విమానం నేర్పుతారట! తాతకు దగ్గులు నేర్పినట్టు!" అని నవ్వాడాయన.

"విమానం కాదు సార్, ఒకరి మాట ఒకరు వినడం," అన్నాడు వెనక నుంచి శిక్షకుడు, ఒక మీట నొక్కుతూ.

తెర మీద మబ్బు కమ్మింది. చక్రాలు దిగాయని చెప్పే దీపం వెలగలేదు. కెప్టెన్ చూపు దానికే అతుక్కుపోయింది. చేతిలోని జాయ్‌స్టిక్ తెలియకుండానే ముందుకు వాలింది. కింద కొండలు.

"సర్, ఎత్తు తగ్గుతోంది."

"ముందు ఈ దీపం సంగతి చూడనీ."

నియమం ఆమెకు కంఠతా వచ్చు. రెండుసార్లు చెప్పు, వినకపోతే లాక్కో.

"సర్! కొండలున్నాయి, పైకి లేపండి!"

"అబ్బా, ఉండవే!"

మబ్బు చీలింది. నల్లటి బండ తెర నిండా లేచింది.

"కంట్రోల్ నాది!"

అరుస్తూనే ఆయన చేతిలోని జాయ్‌స్టిక్‌ను పట్టి లాగింది. ఆయన వదల్లేదు. ఒక్క గుంజు గుంజింది. జాయ్‌స్టిక్ చేతికొచ్చింది, దాంతోపాటు వైరూ ఊడొచ్చింది. నడిపేవాడు లేని విమానం నేరుగా వెళ్లి కొండను గుద్దింది.

ఆమె కళ్లు మూసుకుంది. అయిపోయింది.

"పాస్," అన్నాడు శిక్షకుడు.

"కొండను గుద్దితే పాసేంటయ్యా?" కెప్టెన్ గయ్యిమన్నాడు.

"వైరు ఊడింది నా ఏర్పాటు తప్పు సార్. ఆవిడ చెప్పాల్సింది చెప్పింది, చెయ్యాల్సింది చేసింది. రేపట్నుంచి విమానం ఎక్కుతుంది. మీ సంగతే ఆలోచించాలి."

కెప్టెన్ మొహం కందగడ్డయింది. ఆమె వైపు తిరిగాడు. "ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చుగా?"

"రెండుసార్లు చెప్పాను పెదనాన్నా. ఉండవే అన్నారు."

ఆయన నడుం వంచి, బల్ల కిందికి దూరి, వైరు తానే గుచ్చాడు.

"మళ్లీ పెట్టవయ్యా," అన్నాడు లేస్తూ. "ఈసారి పరీక్ష నాకు."