నాలుగో నడికట్టు

కంచిలికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరికి గరిడీ పెద్ద గణపతిరావు. కొబ్బరితోట, కాస్త జీడితోట ఉన్న మనిషి. తెల్లారకుండానే నూతి దగ్గర నాలుగు చేదలు గుమ్మరించుకుని, కర్రసాము నేర్పే గరిడీ పాకలో ఆంజనేయస్వామికి సిందూరం పెట్టి, నేల మట్టి కళ్ళకద్దుకున్నాకే కర్ర ముట్టుకునేవాడు. ముట్టుకునే ముందు తన గురువు పేరు, ఆయన గురువు పేరు, ఆ పై గురువు పేరు పైకి చెప్పేవాడు. గురువు పేరు చెప్పలేనివాడికి అమ్మవారి సంబరంలో బరిలోకి దిగే హక్కు లేదు. ఊరి కట్టుబాటు అది.

పంతొమ్మిదివందల అరవై ఏడులో అప్పలనరసింహం భార్య రత్నాలమ్మతో ఊరికి తిరిగొచ్చాడు. పడుచుతనంలో రంగూను వెళ్ళినవాడు. ఊరివాళ్ళు రంగం అనేది దాన్నే. యుద్ధమప్పుడు అక్కణ్ణించి వచ్చేసి, ఖరగ్‌పూర్ రైల్వేలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. గణపతిరావుకి బావ వరస. పిల్లల్లేరు. వచ్చిన ఏడాదికే తన జీడితోటలో కుర్రాళ్ళకి కొత్తరకం సాము నేర్పడం మొదలుపెట్టాడు.

అందులో కర్ర ఎడంచేతికే. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంచి గుండెకి ఆనించాలి. ఎంత తిరిగినా, ఎంత గెంతినా ఆ చెయ్యి కదలకూడదు. ఏటి అడుగు వస్తే తెల్ల నడికట్టు, బురద అడుగు వస్తే పసుపుది, కొండ అడుగు వస్తే ఆకుపచ్చది. నాలుగోది ఎర్రది. అది అప్పలనరసింహం నడుముకి మాత్రమే ఉండేది. అది కట్టుకున్నాక ఆయన కుడిచెయ్యి గుండె మీంచి దిగేది కాదు. గణపతిరావు దగ్గరున్న పన్నెండుమందిలో ఎనిమిదిమంది అటు పోయారు. మిగిలిన నలుగురికి సాము నేర్పుతున్నంతసేపూ ఆయన చెవి జీడితోట వైపే ఉండేది. ఇది అసూయేమో స్వామీ అని పూజలో అనుకునేవాడు. కాదు, కట్టుబాటు అని తనే జవాబు చెప్పుకునేవాడు.

సంబరానికి ఇరవై రోజులుందనగా గరిడీ పాక దగ్గర అందరినీ కూర్చోబెట్టాడు.

"బావా, నీ వోల్లు బరిలోకి దిగుతామంతన్నారు. నాకేటీ అడ్డు నేదు. నీ గురువు పేరు సెప్పు, సాలు."

"రంగంలో వొచ్చింది," అన్నాడు అప్పలనరసింహం.

"ఊరి పేరు అడగనేదు. మనిషి పేరు."

గణపతిరావు పాత శిష్యుడు తాతారావు అరుగు మీంచి అందుకున్నాడు. "ఆ గురువుకి కుడిసెయ్యి పడిపోనాదేమో మావా. అందికే ఈల్లంతా సెయ్యి గుండికాడ ఎట్టుకుని తిరుగుతన్నారు."

నవ్వులు లేచాయి. తాతారావుకి ఊపొచ్చింది. "ఇంకోటి ఇను. నాలుగో నడికట్టు నాకెప్పుడిత్తావని మా తమ్ముడు అడిగినాడట. అది ఎవులికీ రాకూడదు అన్నాడట. ఈయనొక్కడికేనట, రాజావోరు."

"అన్నావా బావా?"

"అన్నాను."

"మరి నీకెవులిచ్చినారు?"

"ఎవులూ ఇవ్వనేదు. నేనే కట్టుకున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గణపతిరావు గొంతు పెంచకుండానే, "అయితే ఇప్పీ," అన్నాడు.

అప్పలనరసింహం గుండెకి ఆనించుకున్న కుడిచెయ్యి మెల్లగా దింపాడు. ముడి విప్పడానికి రెండు చేతులూ కావాలి మరి. ఎర్రగుడ్డ మడతపెట్టి, దుమ్ము తగలకుండా అరుగు మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

గుడ్డని గణపతిరావు ఆంజనేయస్వామి పాదాల దగ్గర ఉంచాడు. రోజూ సిందూరం పెట్టేటప్పుడు కంటపడుతూనే ఉంది. పట్టు కాదు, సన్నగళ్ళ పాత లుంగీ ముక్క. అంచు ఒకచోట చిరిగితే సన్నటి కుట్లతో కుట్టి ఉంది. ఒకనాడు మూడు పేర్లూ చెప్పాక ఆయనకి నోరాగింది. ఆ మూడో గురువుకి నేర్పిందెవరు? తను ఎన్నడూ అడగలేదు. ఎక్కడో అక్కడ ఎవరో తమంతట తామే మొదలుపెట్టి ఉండాలి కదా. అది తప్పయితే తను రోజూ మొక్కుతున్నది ఎవరికి?

ఆ పొద్దుటే తన కొబ్బరితోటలో ఎవరూ లేనప్పుడు కర్ర ఎడంచేత పట్టి, కుడిచెయ్యి గుండెకి ఆనించి చూశాడు. కుర్రాళ్ళు వేస్తుంటే దూరం నించి చూసిన ఏటి అడుగు వేశాడు. వొళ్ళు తూలింది. చంకలో బోలుగా ఉంది. కింద రాలిన కొబ్బరికాయ తీసి ఆ చేతి వంపులో పెట్టుకున్నాడు. మళ్ళీ వేశాడు. ఈసారి అడుగు కుదిరింది. బురద అడుగూ కుదిరింది. చేతిలోది కుదుపుకి లేవకుండా, దెబ్బ తగలకుండా, దాని చుట్టూ తిరిగే సాము అది. ఇద్దరు పిల్లల్ని, నలుగురు మనవల్ని ఎత్తుకుని తిరిగిన చెయ్యి ఆయనది. కొబ్బరికాయ నేలమీద పెట్టి అక్కడే కూర్చుండిపోయాడు.

ఎర్రగుడ్డ తీసుకుని బావ ఇంటికి వెళ్ళాడు. రత్నాలమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. గుడ్డ చూసి చేతులు కడుక్కుని వచ్చింది.

"సెల్లీ, ఆ సేతిలో ఎవులున్నారు?"

ఆమె గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

"బాంబులు పడ్డ ఏడు అన్నయ్యా. రంగం నించి అందరూ నడిసే వొచ్చినారు. మా పాపకి మూడేల్లు. జొరం. ఈ గుడ్డతోనే ఒంటికి కట్టుకుని కుడిసేత్తో పట్టుకున్నాడు. ఎడంసేత కర్ర. ఏరు దాటినాం, బురద దాటినాం. కొండమీద దొంగలొచ్చినారు, నలుగురు. ఆ మూటలో బంగారం ఉన్నాదనుకున్నారేటో. ఈయనకి సామేటి తెలుసు? ఓడలకి బస్తాలు మోసీవోడు. నిలబడినకాడే తిరిగినాడు. పాప మీద దెబ్బ పడనివ్వనేదు. ఆల్లే పారిపోనారు. నీల్లు తాగిద్దారని దింపినాను. సల్లగున్నాది."

గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కుట్ల మీద వేలు రాసింది. "ఆల్లు రాకముందే పోనాదో, ఈయన కొడతన్నప్పుడు పోనాదో తెలీదు. ఇప్పటికీ నన్నడుగుతాడు."

అప్పలనరసింహం తోటలోంచి వచ్చాడు. ఎండుటాకుల గంప రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. గణపతిరావు లేచి నిలబడ్డాడు.

"తప్పయిపోనాది బావా. కట్టుకో. సంబరంలో ముందు నువ్వే దిగాల."

"తప్పేటి. అడిగినావు, నాకు పేరు నేదు."

"నాకొక్కడికైనా సెప్పకపోనావా? కుర్రోల్లకి ఎందుకు నేర్పినావు మరి?"

అప్పలనరసింహం గంప దించాడు. "ఆల్లు తిరుగుతుంటే సూసీవోడిని. ఎక్కడ తప్పు సేసినానో అగుపడతాదేమోనని." చేతుల దుమ్ము దులుపుకున్నాడు. "పాతికేల్ల పైమాటే బావా. ఆ గుడ్డుండగా సెయ్యి దింపితే ఏటైపోద్దో అనుకునీవోడిని. మొన్న దింపినాను. ఏటీ అవనేదు." గంప మళ్ళీ ఎత్తుకున్నాడు. "అదే పడలేకపోతన్నాను."

గణపతిరావు ఎంత బతిమాలినా ఆ నడికట్టు ముట్టుకోలేదు. జీడితోటలో మళ్ళీ సాము జరగలేదు. ఎనిమిదిమందీ గణపతిరావు దగ్గరికి తిరిగొచ్చారు. కుడిచెయ్యి కదపడం అలవాటు కావడానికి వాళ్ళకి వారం పట్టింది.

సంబరం రోజు డప్పుల ముందు బరి గీశారు. గణపతిరావు ఊరంతా వెతికించాడు. అప్పలనరసింహం పలాస వెళ్ళే బండి ఎక్కాడని ఎవరో చెప్పారు. రత్నాలమ్మ ఒక్కతే కొబ్బరికాయ తెచ్చి జనంలో నిలబడింది.

"ఎవులి పేరు మీద కొట్టాల?" అని అడిగాడు పూజారి.

"దమయంతి," అంది.

ఆ పేరు గణపతిరావు వినడం అదే మొదలు. ఆ రోజు బావ ఇంటి దగ్గర పాప పేరు అడగాలని కూడా తోచలేదు. పూజారి ఆ పేరే మూడుసార్లు చెప్పి, ఆయురారోగ్యాలు ఇవ్వమని అమ్మవారిని వేడుకుని కాయ కొట్టాడు. రత్నాలమ్మ చెక్కలు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

"మావా, గురువు పేరు సెప్పు. మొదలెడదాం," అన్నాడు తాతారావు.

గణపతిరావు మట్టి కళ్ళకద్దుకున్నాడు. మొదట నోటిదాకా వచ్చింది గురువుల పేరు కాదు, ఇందాక విన్న పేరు. ఆయన మూడు పేర్లు చెప్పేవరకూ డప్పు మోగకూడదు. డప్పులవాళ్ళు చేతులెత్తి ఆయన నోటివైపే చూస్తున్నారు.