పదహారు గళ్ల పుస్తకం

పద్దెనిమిది నెలల ఆన్‌లైన్ క్లాసుల్లో ఒక్కటి కూడా ఎగ్గొట్టని పదో తరగతి అమ్మాయి ఈ భూమండలం మొత్తం మీద నేనొక్కదాన్నే. కాకపోతే క్లాసుకి హాజరైంది నా ఫోను. అది గోడకి ఆనుకుని శ్రద్ధగా పాఠం వింటుంటే, నేను పక్కనే ముసుగుతన్ని దానికి తోడు పడుకునేదాన్ని.

బడి మళ్లీ తెరిచిన రోజు పొద్దున ఈ ఘనతనే స్నేహితురాళ్లకి అరిచి చెబుతున్నాను. బెంచీకొకరం కూర్చున్నాం కాబట్టి అరవక తప్పదు. నోటీసన్న అప్పటికి మూడు క్లాసులు ముగించి మా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

అతను అటెండరు. హెచ్ఎమ్ మేడం పుస్తకంలో రాసిన నోటీసుని పదహారు క్లాసులకీ తిప్పడం అతని పని. ప్రతి క్లాసులో దాన్ని చదివి వినిపించాలి, టీచరు తన గడిలో సంతకం పెట్టాలి. ఆ పొడుగాటి అట్టపుస్తకాన్ని సిరా చెదరకుండా రెండరచేతుల మీద తెరిచి పట్టుకుని, నిద్రపోయిన పసిపిల్లని మోసినట్టు నడుస్తాడు. అసలే సన్నటి మనిషి. ఇప్పుడు ఖాకీ చొక్కా ఒక్కటే నడిచొస్తోందేమో అనిపించేంతగా చిక్కిపోయాడు. గుమ్మం బయట ఆగుతాడు. పిలవడు, దగ్గడు. లోపలివాళ్లు తలెత్తి చూసేదాకా నిలబడతాడు. లెక్కల సారు ఒకసారి లెక్కలో పడి చూడకపోతే, నోటీసన్న జుట్టు ఆ గుమ్మంలోనే నెరిసిందని నేనే ప్రచారం చేశాను.

బడి మూసినన్నాళ్లూ అతను అక్క ఇంటి మేడ మీద గదిలో ఉన్నాడు. ఆవిడ మెట్ల మీద కంచం పెట్టి, "తమ్ముడూ, పెట్టాను" అని కేకేసి దిగిపోయేది. రోజు మొత్తంలో అతనితో ఎవరైనా అన్న మాటలు ఆ రెండే. నోటీసులన్నీ టీచర్ల ఫోన్లకి వెళ్లిపోయేవి. అతనిది బటన్ల ఫోను. బడి తెరుస్తున్నారని కూడా ఎవరూ చెప్పలేదు. వీధిలో సంచులు తగిలించుకున్న పిల్లలు కనిపిస్తే, చొక్కా వేసుకుని వాళ్ల వెనకే వచ్చేశాడు.

వచ్చీ రాగానే మేడం అంది: "అన్నీ ఫోన్లోనే పెట్టేస్తున్నాం కదయ్యా, ఇంక ఈ పుస్తకం దేనికి? పెద్దాఫీసు వాళ్ల గోడౌనుకి మనిషి కావాలట."

"అక్కడ ఎవరుంటారమ్మా?"

"ఎవరుంటారు? బీరువాలు."

"ఈ ఒక్కరోజు తిప్పనివ్వండమ్మా. ఒక్క తప్పు వచ్చినా నేనే వెళ్లిపోతాను."

"సరే, సాయంత్రం చూద్దాం."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే ఆ పని చేసేదాన్ని కాదని చెప్పుకోవాలని ఉంది.

లెక్కల సారు చదవకుండానే సంతకం గీకేసి, "నువ్వు చదివెయ్యమ్మా" అని పుస్తకం నాకిచ్చాడు. మాస్కు తీయకూడదు, ఒకరి సీసాలో నీళ్లు ఇంకొకరు తాగకూడదు. చదివి, తిరిగివ్వడానికి గుమ్మం దాకా వెళ్లాను. నా బుర్రలో పురుగు అప్పుడే తొలిచింది. అతని చూపు పుస్తకం మీద పడకుండా ఉండాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి.

"బాగున్నావా అన్నా?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నన్నేనా?"

"కాదు, తలుపుని."

"బాగున్నానమ్మా. గదికి కిటికీ ఉంది. మొదట్లో పోయే బస్సులు లెక్కపెట్టేవాణ్ణి, తర్వాత అవీ ఆగిపోయాయి. ఎదురింటావిడ బట్టలారేసేది. చెయ్యూపుదామనుకునేవాణ్ణి, ఏమనుకుంటుందోనని..." ఎక్కడో దూరంగా చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. నేను పుస్తకాన్ని తలుపుకి ఆనించి, మేడం రాతలా ఒరిగిన అక్షరాలతో ఒక్క వాక్యం చేర్చాను: మధ్యాహ్నం రెండు గంటలకే బడి వదలవలెను.

"నువ్వు బాగున్నావా? ఇంట్లో అందరూ ఉన్నారు కదా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. పుస్తకం చేతికి రాగానే పేజీని ఒకసారి పైనుంచి కిందికి చూసుకోవడం అతనికి ఇరవై ఏళ్ల అలవాటు. ఆవేళ చూసుకోలేదు.

పక్క క్లాసులో టీచరు ఆ వాక్యం చదవగానే పైకప్పు లేచిపోయింది. "నోటీసన్నా!" అని పిల్లలు బల్లలు బాదారు. క్లాసులో మొహాలన్నీ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి. ముందు క్లాసుల్లో ఆ ముక్క లేదని అతనికి తెలుసు. తిన్నగా మేడం దగ్గరికి వెళ్లి చెప్పేయొచ్చు. వరండాలో ఒక నిమిషం ఆగాడు, వెనక తన పేరు పిలుస్తూ బల్లలు ఇంకా మోగుతున్నాయి. తర్వాత ఆ పై క్లాసుకి నడిచాడు. పన్నెండు క్లాసులూ తిరిగాడు, పన్నెండు చోట్లా చప్పట్లు. మొదటి మూడు క్లాసులు ఏం పాపం చేశాయని కాబోలు, వెనక్కి వెళ్లి వాటికీ చెప్పి వచ్చాడు. మా క్లాసుకి చాటింపు నేనే వేశాను.

రెండింటికి బడి ఖాళీ. తమాషా చూద్దామని నేను నీళ్ల ట్యాంకు వెనక నక్కాను.

"పుస్తకం ఎవరి చేతికిచ్చావు?" మేడం గొంతు.

"ఎవరికీ ఇవ్వలేదమ్మా."

"అయితే నువ్వే రాశావా?"

పుస్తకం టప్పున మూసిన చప్పుడు.

"రేపట్నుంచి గోడౌనుకి వెళ్లు."

"అలాగేనమ్మా."

గేటు వైపు వస్తూ ట్యాంకు దగ్గర ఆగాడు. నా సంచి బయటికి కనబడుతోంది.

"రాత నీదని తెలుసమ్మా. దాని గురించి కాదు. ఒక్కటి అడగనా?"

"ఊఁ."

"బాగున్నావా అన్నావే... నిజంగానే అడిగావా?"

"నిజంగానే అన్నా."

మాస్కు పైన అతని కళ్లు చిన్నవయ్యాయి. వెళ్లిపోయాడు. చేతుల్లో ఏమీ లేకపోయినా, రెండు అరచేతులూ కొంచెం ముందుకే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసు గది బయట అతని స్టూలు మీద కొత్త అట్టపుస్తకం ఉంది. రెండు వందల పేజీలు. బడి మూసినన్నాళ్లూ ఆ మేడ గదిలో కూర్చుని పేజీకి పదహారు చొప్పున పెన్సిలుతో గళ్లు గీసింది, గోడౌనుకి వెళ్తూ అక్కడ పెట్టిపోయాడు. మొదటి పేజీలో నేను రాశాను: నిన్నటి వాక్యం నాది. అన్నని వెనక్కి పిలిపించండి. బాగున్నావా అని నేను నిజంగా అడగలేదు, నిజంగానే అన్నది కూడా అబద్ధమే.

పుస్తకం తీసుకెళ్లి మేడం ముందు పెట్టాను. ఆవిడ ఫోన్లో మాట్లాడుతూనే, చూడకుండా కింద సంతకం పెట్టి వెనక్కి తోసింది. నోరు తెరవాల్సింది అప్పుడే. భూమండలం మొత్తానికి వినబడేలా అరవగలిగే నేను పుస్తకం చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాను. బయటికొచ్చి పుస్తకాన్ని మళ్లీ స్టూలు మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది, మొదటి పేజీ దగ్గర తెరిచి, పదహారు గళ్లూ ఖాళీగా.