నేను చదవని నాలుగో వాక్యం

ఆగండి. పేజీ అప్పుడే తిప్పకండి, ఒక్క పది నిమిషాలు కూర్చుని నా మాట వినండి, ఎందుకంటే ఈ సంగతి ఇప్పటికే ఎర్రగడ్డలో ఒకలా, ఫిల్మ్‌నగర్‌లో ఒకలా చెప్పుకుంటున్నారు, జరిగింది జరిగినట్టు చెప్పగలిగేది నేనొక్కదాన్నే. మొదలైంది టీ దగ్గర. పెళ్ళికి పదిహేను రోజుల ముందు, ఎర్రగడ్డలో కాబోయే అత్తగారింట్లో, ప్రార్థన కూటానికి వచ్చిన పదహారు మందికి టీ కలిపి, అందించి, ఖాళీ కప్పులు తెచ్చుకుని సింకు దగ్గర కడుగుతున్నాను. నేనింకా ఆ ఇంటి కోడల్ని కాలేదు, కప్పులు మాత్రం అప్పుడే నావైపోయాయి. వెనక నుంచి నేను చేసుకోబోయే బెన్‌హర్ వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా తడి చేతిలో పెట్టాడు.

"పెళ్ళి విందులో నువ్వు మాట్లాడాలి కరుణా. ఏం మాట్లాడాలో నేనే రాసేశాను, చదివితే చాలు. ఎవరో రాసింది చదవడం నీకు అలవాటేగా."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, ముందు నవ్వేసి తర్వాత ఆలోచించే అలవాటు నాకుంది, ఆ అలవాటు వల్ల ఎన్నిసార్లు నష్టపోయానో. నా పని డబ్బింగ్. తెర మీద హీరోయిన్ పెదాలు కదుపుతుంది, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదాలకి సరిగ్గా అతికేలా మాటలు నేను చెప్తాను. ఆమెకి తెలుగు రాదు, బొంబాయి నుంచి వస్తుంది, నవ్వు ఆమెది, కళ్ళు ఆమెవి, మాట నాది. టైటిల్స్‌లో నా పేరు వెయ్యరు, ప్రొడ్యూసర్లకి నేను 'ఆ గొంతమ్మాయి'ని. పదింటికి రమ్మంటారు, మైకు ముందుకి పిలిచేసరికి నాలుగవుతుంది, అప్పటిదాకా వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. అయినా నాకా పని ఇష్టం, సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఎంత ఇష్టమంటే ఒక ప్రసవం సీనుకి తొమ్మిది టేకులు అరిచి, గొంతు బొంగురుపోయి, బస్సు దొరక్క జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఇంటిదాకా నడుస్తూ కూడా ఆ అరుపు ఇంకాస్త బాగా అరిచి ఉండాల్సిందని బాధపడ్డాను.

బెన్‌హర్ నా గొంతు వినే నన్ను చేసుకుంటానన్నాడు. స్టూడియోలో మా అమ్మ అంతోనమ్మ కాస్ట్యూమ్స్ కుడుతుంది, నాన్న పోయాక పదమూడేళ్ళుగా అదే మాకు ఆధారం. పెళ్ళి కుదిరిన కొత్తలో బెన్‌హర్ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్టూడియో గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు, ఇవాళ ఏం చెప్పావో నాకోసారి చెప్పమనేవాడు, రోడ్డు పక్కన నిలబడి చెప్పేదాన్ని. ఆ రోజులు అబద్ధం కాదు. తర్వాత మెల్లగా ఒక్కో మాట రావడం మొదలైంది. కాబోయే మామగారు శాంతరాజుగారు చర్చిలో సంఘ పెద్ద, ఇంటికెవరైనా వస్తే నన్ను చూపించి, "అమ్మాయి టైపు పని చేస్తుందండీ," అనేవారు. మా అమ్మ గురించి అడిగితే, ఇంట్లోనే ఉంటుందని చెప్పేవారు. కుటుంబ ప్రార్థనలో నన్ను బైబిలు వాక్యం చదవమని, నేను నోరు తెరవగానే అత్తగారు, "ఆ హీరోయిన్ గొంతు ఇక్కడొద్దమ్మా, మామూలుగా చదువు," అనేవారు. అది నా మామూలు గొంతే. అది నా గొంతేనని ఎవరికి చెప్పుకోను?

ఇంటికొచ్చి కాగితం విప్పాను. నాలుగు వాక్యాలు. మొదటిది దేవునికి స్తోత్రం. రెండోది పాస్టర్‌గారికీ పెద్దలకీ వందనాలు. మూడోది తండ్రి లేని నన్ను కోడలిగా స్వీకరించిన అత్తమామలకి కృతజ్ఞతలు. నాలుగోది యథాతథంగా ఇది: 'ఇంతకాలం తెలియక సినిమాలకు గొంతు అమ్ముకున్న నేను, నేటితో ఆ పని మానుకుంటున్నానని సంఘం ఎదుట మాట ఇస్తున్నాను.'

మాకు సంఘం ఎదుట ఇచ్చిన మాటంటే ఆటలు కాదు. ఇంట్లో గొడవపడి అన్న మాటైతే రేపు మార్చుకోవచ్చు, మూడు వందల మంది ముందు మైకులో అన్న మాటైతే ప్రతి ఆదివారం ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అందుకే నన్ను మాట్లాడమన్నారు. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో వందన సమర్పణ పెళ్ళికొడుకు చేస్తాడు, పెళ్ళికూతురు తల వంచుకుని కేకు కోస్తుంది, నాకు మాత్రం మైకిస్తున్నారంటే అది గౌరవమేమోనని ఒక పూటంతా మురిసిపోయాను చూడండి, నా తెలివికి.

బెన్‌హర్‌ని అడిగాను, నా పని సంగతి ముందే తెలుసు కదా అని. తెలుసు కానీ నాన్నకి సంఘంలో తలెత్తుకోవాలి కదా అన్నాడు. అయితే మీరు మాట్లాడి ఒప్పించండి అన్నాను. "ఒక్క వాక్యమే కదా కరుణా," అన్నాడు. అమ్మకి చదివి వినిపిస్తే, ఆమె సూది ఆపకుండానే అంది, "చదివేయవే. రెండు నిమిషాల పని. నేను పదమూడేళ్ళుగా ఎవరేమన్నా ఊఁ అనే నెట్టుకొచ్చాను, నాకేమన్నా తక్కువైందా?" ఏం తక్కువైందో సూదిపోట్లు పడ్డ ఆమె వేళ్ళ చివర్లు చూస్తే తెలుస్తుంది.

నాది నేనే రాసుకోవాలని అప్పుడనుకున్నాను. మర్నాడు వరండా బెంచీ మీద డైలాగు కాగితాల వెనకవైపు మొదలుపెట్టాను. మొదట రాసింది రెండు పేజీలొచ్చింది, వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ పేరుపేరునా కృతజ్ఞతలు, అచ్చం వంద రోజుల ఫంక్షన్లో ప్రొడ్యూసర్ ప్రసంగంలా ఉంది, చింపేశాను. రెండోది కోపంగా రాశాను, చదువుకుంటే ఎవరికో డబ్బింగ్ చెప్తున్నట్టుంది, కోర్టు సీనులో వేలు చూపించే హీరోయిన్‌లా. అప్పుడొకటి తట్టింది, లెక్కేసుకున్నాను కూడా. పెళ్ళి సీన్లలో ఇప్పటిదాకా పదకొండు మంది పెళ్ళికూతుళ్ళకి గొంతిచ్చాను. ఏడుపులు, వెక్కిళ్ళు, 'బావా', 'నాన్నా', 'వద్దు'. పదకొండు మందికీ కలిపి ఒక్క పూర్తి వాక్యం లేదు. మరి పెళ్ళిలో మాట్లాడే పెళ్ళికూతురు ఎలా మాట్లాడుతుందో నాకెక్కణ్ణుంచి తెలుస్తుంది? ఎవరూ రాయలేదు కదా. కాబట్టి చిన్నగా రాశాను, ఎవరితోనైనా ఎదురుగా కూర్చుని చెప్పుకునేలాంటి ఐదు వాక్యాలు.

మా సౌండ్ ఇంజనీర్ వెంకటనర్సయ్యన్నని, లంచ్ బ్రేక్‌లో ఒక్కసారి మైకులో చెప్పుకోనివ్వమని బతిమాలాను. అద్దం అవతల కూర్చుని విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

"నాలుగేండ్ల సంది నీ గొంతు రికార్డు చేస్తున్న బిడ్డా. గిది ఎన్నడు ఇనలే. జర వణుకుతుంది."

సరిచేసుకుంటానన్నాను. "ఎందుకు? ఉండనీ," అన్నాడు. పెళ్ళికి మైకు సెట్టు తనే తెస్తానన్నాడు, అదే తన చదివింపులన్నాడు.

శనివారం పొద్దున చర్చిలో పెళ్ళయింది. తెల్లచీర అమ్మే కుట్టింది, అంచుకి పూసలు ఒక్కోటీ చేత్తో. మధ్యాహ్నం చర్చి ఆవరణలో షామియానా కింద విందు, కుర్చీల వరసలు, వెనక బిర్యానీ డేగిసాలు, ఎండకి షామియానా గుడ్డ పసుప్పచ్చగా వెలుగుతోంది. పాటలయ్యాయి, పాస్టర్‌గారి ప్రసంగమయ్యింది, శాంతరాజుగారు లేచి, కోడలు మీ అందరికీ ఒక సాక్ష్యం చెప్తుందన్నారు. బెన్‌హర్ కాగితం నా చేతిలో పెట్టి, కొంచెం గట్టిగానే, నా వేళ్ళు మూశాడు.

మైకు ముందు నిలబడ్డాను. రోజూ నిలబడే మైకే, కానీ ఎదురుగా తెర లేదు, ఎవరి పెదాలూ లేవు, మూడు వందల జతల కళ్ళున్నాయి. కాగితంలో మొదటి మూడు వాక్యాలూ చదివాను, అవి నిజమే కాబట్టి చదివాను, అందరూ 'ఆమెన్' అన్నారు, అత్తగారు చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నాలుగో దాని దగ్గర ఆగిపోయాను. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మైకులో వినిపిస్తోంది. కాగితం మడిచాను.

"ఇక్కడ ఇంకో వాక్యం ఉంది, అది నాది కాదు కాబట్టి చదవట్లేదు. నా పేరు కరుణాకుమారి, నేను సినిమాల్లో గొంతిస్తాను, మీరు చాలాసార్లు విన్నారు, నన్ను చూడటం ఇదే మొదటిసారి. నన్ను పెంచింది మా అమ్మ అంతోనమ్మ, ఫిల్మ్‌నగర్‌లో బట్టలు కుట్టి పెంచింది, ఆమె ఇంట్లో ఊరికే కూర్చునే మనిషి కాదు."

గొంతు వణికింది. పాస్టర్‌గారు మైకు సెట్టు వైపు తిరిగి ఆపమని చెయ్యి ఊపడం కంటి చివర్నుంచి కనబడింది. శాంతరాజుగారు లేచి నేరుగా వెంకటనర్సయ్యన్న దగ్గరికే వెళ్ళారు. అన్న కూర్చున్న చోట నుంచి కదలకుండా చెప్పడం ముందు వరసల వాళ్ళందరికీ వినబడింది. "గిప్పుడు ఆపితే మిషిన్ ఖరాబైతది సార్. జర ఆగుండ్రి, పిల్ల మాట అయిపోనీయుండ్రి." ఏ మిషనూ ఖరాబు కాదు, నాకు తెలుసు.

"నేను బెన్‌హర్‌ని ఇష్టపడి చేసుకున్నాను. సోమవారం పదింటికి నాకు డబ్బింగ్ ఉంది, వెళ్తాను, ఆ తర్వాత కూడా వెళ్తాను. మీ అందరికీ వందనాలు, భోజనాలు చేసి వెళ్ళండి."

అంతే. చప్పట్లు కొట్టలేదెవరూ, సినిమా కాదుగా. వెనక ఎవరో గరిట జారవిడిచారు. ఒక ముసలామె ముందు వరసలోంచి లేచి నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని, ఫలానా సినిమాలో అత్త తిడుతుంటే పొయ్యి దగ్గర ఏడ్చింది నువ్వేనా అమ్మా, నేనూ ఏడ్చాను తెలుసా, అని అడిగింది. నేనేనన్నాను. అమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది, నన్నెప్పుడూ చూడనట్టు చూస్తోంది. జనం భోజనాలకి లేచారు, ఎంత కోపమొచ్చినా బిర్యానీ మీద ఎవరూ అలగలేదు.

రెండున్నరకి అప్పగింతలు. పూలు కట్టిన అంబాసిడర్ గేటు దగ్గర తలుపు తెరిచి ఉంది. శాంతరాజుగారు దాని పక్కన నిలబడి, గొంతు పెంచకుండానే చెప్పారు, రేపు ఆరాధనలో లేచి తప్పయిందని చెప్పి, ఆ పని మానేస్తానని ఒప్పుకుంటానని ఇప్పుడిక్కడ మాటిస్తే కారెక్కమని. లేకపోతే మాటిచ్చిన రోజే రమ్మని. నేను బెన్‌హర్ వైపు చూశాను. కోటులో చెమటలు పడుతున్నాయి పాపం, మెడ దగ్గర టై వదులు చేసుకుంటున్నాడు.

"సారీ చెప్పేయ్ కరుణా. ఒక్క మాటే కదా."

"ఆ ఒక్క మాట మీరు చెప్పండి. నా పని సంగతి మీకు ముందే తెలుసని, తెలిసే చేసుకున్నానని, ఇక్కడే మీ నాన్నగారితో చెప్పండి. చెప్తే ఎక్కి కూర్చుంటాను."

ఆగాను. నిజంగా ఆగాను, ఎంతసేపంటే ఒక రీలు మొత్తం తిరిగేంత. బెన్‌హర్ పెదాలు కదిలాయి, దేవుడి సాక్షిగా చెప్తున్నాను, కదిలాయి, మాట రాలేదు. పెదాలకి మాట అతికించడం నా వృత్తే, కానీ ఆయన మాట నేనెలా చెప్పను? కారు తలుపు నేనే వేశాను, మెల్లగా, చప్పుడు కాకుండా. అమ్మ చెయ్యి పట్టుకుని ఆటో పిలిచాను. దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆదివారమంతా మా ఇంటికి జనమే. భార్యాభర్తల్ని కలిపింది దేవుడమ్మా అని పాస్టర్‌గారు. నాలుగు నెలలు మానేసి, వాళ్ళ మనసు కరిగాక మెల్లగా మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చుగా అని పక్కింటావిడ. అలా మానేసి మెల్లగా మొదలుపెట్టినవాళ్ళని ఒక్కర్ని చూపించండి అన్నాను. సోమవారం పదింటికి వెళ్ళాను, నాలుగింటికి పిలిచారు, డబ్బింగ్ చెప్పాను. బెన్‌హర్ ఇంకా రాలేదు. వస్తాడేమో, రాడేమో, వస్తే ఏ మాటతో వస్తాడో నాకు తెలీదు, ఇష్టం మాత్రం పోలేదు, అది కూడా ఒప్పుకుంటున్నాను. నేను చేసింది తప్పని చెప్పేవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఒంటి మీద తెల్లచీర, నెత్తిన ఎండ, చుట్టూ మూడు వందల మంది, మీరు ఇష్టపడ్డ మనిషి ఎదురుగా నోరు మెదపకుండా నిలబడి ఉన్నాడు, కారు తలుపు తెరిచే ఉంది, మీ బతుకులో మీకిష్టమైన ఒక్క పని వదిలేస్తానంటే చాలు లోపల కూర్చోవచ్చు. మీరైతే ఏం చేసేవారు?