సగం మనిషి లెక్క

నేను పని ఎగ్గొట్టే మనిషిని కాను, ఆ మాట ముందే చెప్పాలి. విద్యుదయస్కాంత క్షేత్రాలను కంప్యూటర్ మీద లెక్కగడుతూ పదిహేనేళ్లుగా పొట్టపోసుకుంటున్నాను. తక్కువ లెక్కతో పని కానివ్వడమే మా వృత్తిలో తెలివి. వస్తువు కుడి ఎడమలు ఒకేలా ఉంటే సగమే లెక్కగడతాం. రెండో సగం అద్దంలో ప్రతిబింబంలా దానంతటదే వస్తుంది.

మా చెల్లికి తలలో కణితి. ఎడమ కంటి చూపు పోయింది, కుడిది రోజురోజుకూ పోతోంది. ఆపరేషన్ రేపు పొద్దున. సీటీ స్కాన్‌లో కణితి అంచులు తెలియడం లేదు, ఎమ్మారై తీయనిదే కత్తి పట్టనన్నాడు డాక్టరు. చేతుల వణుకు తగ్గడానికి ఎప్పుడో మెదడులో పెట్టించుకున్న తీగ ఒకటి ఉంది దానికి. ఆ యంత్రం తరంగాలకు తీగ కొస వేడెక్కి మెదడును కాల్చేయొచ్చు. వేడి ఒక డిగ్రీకి మించి పెరగదని లెక్క చూపిస్తేనే లోపలికి పంపుతామన్నారు ఆసుపత్రివాళ్లు.

ఒళ్లంతా సన్నటి గళ్లుగా విడగొట్టి లెక్కగడితే మూడు రోజులు పడుతుంది. నాకున్నది ఐదు గంటలు. మనిషి కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కదా అని సగమే చేశాను. ముప్పాతిక డిగ్రీ వచ్చింది. హమ్మయ్య అనుకుని ఆసుపత్రికి పంపించేశాను.

రెండున్నరకు ఆ ఫలితాన్ని పూర్తి శరీరం బొమ్మగా తెరిచి చూశాను. తలలో వేడిని చూపే ఎర్రటి చుక్కలు రెండు కనిపించాయి, అటొకటి, ఇటొకటి. చెల్లికి ఉన్నది ఒక్కటే తీగ, ఎడమవైపు. నా అద్దం దానికి రెండోది తగిలించింది. లేని తీగ పక్కన చేరితే ఉన్న తీగ వేడి మారిపోతుంది. ఒంటరిగా అదెంత వేడెక్కుతుందో నాకిప్పుడు తెలియదు. అర డిగ్రీ కావచ్చు, పది కావచ్చు. కొత్తగా చేరినవాళ్లు ఇదే తప్పు చేస్తే దుమ్ము దులిపేదాన్ని.

స్కాన్ మూడింటికి. నోరు మూసుకుని కూర్చుంటే ఏమీ కాకపోవచ్చు, చూపు దక్కవచ్చు. ఆ ఆలోచన సిగ్గు లేకుండా వచ్చింది, నేనూ సిగ్గు లేకుండా రెండు నిమిషాలు దాన్ని పట్టుకుని వేలాడాను. తర్వాత ఫోన్ చేశాను.

చెల్లి భర్త ఎత్తాడు. “వదినా, గౌను తొడిగేశారు. తలుపు దగ్గరే ఉన్నాం. ఇదిగో, తను మాట్లాడుతుందట.”

“అక్కా, నాకేం భయం లేదు. లెక్క చేసింది నువ్వు కదా.”

“లోపలికి వెళ్లకు. నా లెక్క తప్పు.”



“అంటే, కాలిపోతుందా?”

“తెలీదే. అదే తెలీదు.”

“సరిగ్గా చెయ్యాలంటే ఎన్నాళ్లు?”

“మూడు రోజులు.”

“అప్పటిదాకా ఈ కన్ను ఉంటుందా?”

నేను ఏడుస్తున్నానని దానికి తెలిసిపోయింది.

“సరే, మొదలుపెట్టు. అది నడుస్తుండగా నువ్విటు రా. నీ మొహం ఒకసారి చూసుకుంటాను.”