గోడకు అటూ ఇటూ

మొగుడితో మాట మానేయడం ఏ ఇల్లాలికైనా చేతనైన పనే. అతనితో కలిసి గోడ కడుతూ మాట మానేయడం మాత్రం అందరి వల్లా అయ్యేది కాదు. ఆమె ఆ పనికే దిగింది.

అదేమీ మామూలు గోడ కాదు. సిమెంటు లేదు, సున్నం లేదు, పిడికెడు మట్టయినా లేదు. రాతి మీద రాయి కుదురుగా కూర్చుంటేనే నిలబడే గోడ. లోపలి ముఖం ఒకరు, బయటి ముఖం ఒకరు పేర్చుకుంటూ, మధ్య సందులో చిన్న రాళ్లు కూరుకుంటూ పోవాలి. నడుమెత్తు వచ్చాక రెండు ముఖాలనూ కలిపి పట్టేలా పొడుగాటి కట్టురాళ్లు అడ్డంగా వేయాలి. పెళ్లయినప్పటి నుంచీ లోపల ఆమె మొగుడు మేస్త్రి, బయట ఆమె. ఆ కొండవాలులో కూలిన కొట్టాలు ఎన్ని మళ్లీ లేచి నిలబడ్డాయో, అన్నిటికీ ఎండా వానా తగిలే ముఖం ఆమె కట్టిందే.

గొడవంతా టీ దగ్గర మొదలైంది. గొర్రెల కొట్టం గోడ కూలితే, సిమెంటు ఇటుకలు పెట్టించుకోమని ఎంతమంది చెప్పినా వినకుండా, పాత రాళ్లతో పాత పద్ధతిలోనే కట్టాలని పట్టుబట్టిన పెద్దావిడ వీళ్లను పిలిపించింది. పని మొదలెట్టే ముందు ఇద్దరికీ టీ ఇస్తూ, "మేస్త్రీ, మరి ఈ అమ్మాయి ఏం చేస్తుంది?" అని అడిగింది.

ఆయన టీ ఊదుకుంటూ, "రాళ్లందిస్తుంది పెద్దమ్మా" అనేశాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదని తెలుసు. తెలిసినా మంట చల్లారలేదు. ఇన్నేళ్ల కష్టాన్నీ టీతోపాటు ఒక్క గుక్కలో మింగేశాడు మహానుభావుడు. తను కట్టానని ఆమె ఎప్పుడూ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆ మాట ఆయనే చెబుతాడని అనుకుంటూ వచ్చింది. ఇక ఆయన నోట ఆ మాట వచ్చేదాకా పలకకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

దాంతో రాయబారం పెద్దావిడ నెత్తిన పడింది.

"పెద్దమ్మా, గునపం ఇటివ్వమని ఆయనతో చెప్పండి."

"మేస్త్రీ, గునపం కావాలట."

"తన కాళ్ల దగ్గరే ఉందని చెప్పండి పెద్దమ్మా."

"నీ కాళ్ల దగ్గరే ఉందటమ్మాయ్. నాకు మంద లేదా, పని లేదా, మీ ఇద్దరి మధ్య ఈ టపా మోత ఏమిటి తల్లీ!" అని విసుక్కుందే గానీ, పెద్దావిడ కూర్చున్న బండ మీంచి కదల్లేదు. ఇంత మంచి కాలక్షేపం ఆవిడకు దొరికి చాలా కాలమైంది.

మామూలుగా అయితే ఒక్కో వరస పూర్తి కాగానే ఎత్తెంత వచ్చిందో గోడకు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు కేకేసి చెప్పుకునేవాళ్లు. ఇప్పుడా కేకలు లేవు. రాయబారంలో పంపడానికి ఇద్దరికీ అభిమానం అడ్డొచ్చింది. పైగా కోపంగా ఉన్న చేతికి పెద్ద రాయే నచ్చుతుంది. ఆమె వరస మీద వరస ఎడాపెడా పేర్చుకుంటూ పోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి గోడ నడుమెత్తు వచ్చింది. మాటా పలుకూ లేకుండానే చెరో కొసా పట్టుకుని కట్టురాయి ఎత్తి అడ్డంగా వేశారు. అది ఆమె వైపు తలెత్తుకుని, ఆయన వైపు వాలిపోయింది. అలాగే వదిలేస్తే బయట పడ్డ వాన దాని మీదుగా జారి నేరుగా గొర్రెల వీపుల మీదే. మేస్త్రి రసమట్టం పెట్టి చూశాడు. అందులోని బుడగ సిగ్గులేకుండా ఆమె వైపే పాకింది.

ఎవరిది తప్పు? కూలకుండా మిగిలిన పాత మూల పక్కనే ఉంది. దాని వరసలతో ఆయన ముఖం సరిగ్గా కలిసింది. ఆమెది బెత్తెడు పైకి పోయింది. ఒక్క చూపుతోనే ఆమెకు అర్థమైపోయింది.

పెద్దావిడ దగ్గరికొచ్చి తొంగి చూసింది. "ఇదేమిటి, వంకరగా ఉందే? ఎవరు చేశారిది?"

"నేనే పెద్దమ్మా" అన్నాడు మేస్త్రి చప్పున. "సరిగ్గా చూసుకోలేదు. విప్పి మళ్లీ కడతాను."

తనను కాపాడాలనే అన్నాడు పాపం. ఇంకోసారైతే ఆమె కరిగిపోయేదే. కానీ ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ గోడ తప్పుతో సహా ఆయన ఖాతాలోకి పోతుంది. రాళ్లందించే మనిషి తప్పు చేయడానికి కూడా పనికిరాదన్నమాట.

"ఆయన కాదు!" అని ఆమె అరిచిన అరుపుకు గొర్రెలు మేత మాని తలలెత్తాయి. "ఈ తప్పు నాది. ఈ ముఖం అడుగు రాయి నుంచి ఇక్కడిదాకా నేనే కట్టాను. వంకరగా కట్టిందీ నేనే. నా తప్పు మధ్యలో ఆయనెవరు తీసుకోవడానికి?"

పెద్దావిడ బుగ్గన వేలేసుకుంది. "మరి నువ్వు రాళ్లందిస్తావని..."

"బయటి ముఖాలన్నీ నావే పెద్దమ్మా. ఈ వాలులో మీరు చూసినవన్నీ."

పెద్దావిడ మేస్త్రి వైపు తిరిగింది. ఆయన మెడ తుడుచుకున్నాడు. నేల చూపులు చూశాడు.

"నిజమే పెద్దమ్మా. బయటి ముఖం ఆమె కట్టినట్టు నేను కట్టలేను. మూల తిప్పడమైతే నాకు ఇప్పటికీ రాదు. లోపల నేనెలా కట్టినా గొర్రెలే కదా చూసేది. నిన్న మీరడిగినప్పుడే ఈ మాట చెప్పాల్సింది." తర్వాత రాయబారం లేకుండా నేరుగా ఆమెతో, "తప్పయిపోయింది" అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న మాటకు ఏడుపేమిటని తన మీద తనకే కోపమొచ్చింది. అయినా హాయిగా ఉంది. కట్టురాయి దింపించి, ఎక్కువైన వరసలు తన చేత్తోనే విప్పి, సన్న రాళ్లు ఏరుకుని మళ్లీ పేర్చింది. సాయం చేయబోయిన ఆయన్ని తన వైపుకు రానివ్వలేదు. పొద్దు వాలేసరికి కట్టురాయి మళ్లీ ఎక్కింది, ఈసారి బుద్ధిగా పడుకుంది.

"మా చెల్లెలి పొలంలోనూ ఓ కొట్టం పడిపోయింది మేస్త్రీ" అంది పెద్దావిడ. "ఎప్పుడొస్తారు?"

"ఆమెను అడగండి" అన్నాడు మేస్త్రి. "తను ఒప్పుకుంటే వెంట నేనూ వస్తాను."

ఆమె చేతుల దుమ్ము దులుపుకుంటూ ఆయన్ని పైనుంచి కిందిదాకా తేరిపార చూసింది.

"నేనైతే వస్తాను పెద్దమ్మా. ఈయన సంగతి ఈ గోడ పూర్తయ్యాక చెబుతా. అప్పటిదాకా పనెలా చేస్తాడో చూడాలిగా!"

మేస్త్రి వినయంగా తలూపి, గోడకు తన వైపుకు వెళ్లిపోయాడు.