ఏడో రూలు

రంజనికి కోపం వస్తే మాట తగ్గుతుంది. వేలూరు జిల్లా గుడియాత్తంలో వాళ్ళ వీధి వీధంతా ఎరిగిన సంగతి ఇది. సెల్వకుమార్ సార్ ఒక్కడికే తెలియదు. తెలిసుంటే, ఆ శనివారం పొద్దున బాగాయం కాలేజీ హాల్లో ఆ పిల్ల నోరు మూసుకొని ముగ్గుపిండితో కోట గీస్తుంటే, ఎంత అణకువ అని మురిసిపోయేవాడు కాదు.

సార్ ఆ కాలేజీలో చరిత్ర పాఠం చెబుతాడు. క్లాసులో తమిళం, ఇంట్లో మన తెలుగే. మంచివాడు. మంచివాళ్ళతోనే వస్తుంది తంటా, వాళ్ళ మీద అరవలేం. ఏళ్ళ తరబడి కూర్చొని ఆయన ఒక ఆట కట్టాడు. దాని పేరు గద్దె. నాయకరాజుల కాలం, వేలూరు కోట. ఆడేవాళ్ళలో ఒకడు నాయకుడు, కొందరు పాళెగాళ్ళు, కొందరు షావుకార్లు, మిగిలినవాళ్ళు నేతగాళ్ళు. నేతగాళ్ళకు తప్ప అందరికీ తలా ఒక ముద్ర ఉంటుంది. పొత్తు కలవొచ్చు, వెన్నుపోటు పొడవొచ్చు, ఎదుటివాడి ముద్ర మాటలతో లాక్కోవచ్చు. ఎవరికి ముద్రలు ఎక్కువ కూడితే వాళ్ళదే గద్దె. ఒక్కో విడత మొదట్లో నాయకుడు సిపాయిలకు గుడ్డ పంచాలి. పంచందే ఆట ముందుకు పోదు. ఆ గుడ్డ ఇవ్వాల్సింది నేతగాళ్ళు.

వాళ్ళను గురించి రూళ్ళ పుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క రూలు, ఏడోది. ‘నేతగాళ్ళకు ముద్ర లేదు. సభలో మాట లేదు. అడిగిన గుడ్డ ఇవ్వవలెను.’

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు మనవాడే, విస్తరే వెయ్యలేదు.

రంజని పుట్టింది లుంగీ మగ్గం చప్పుళ్ళ మధ్య. అంతకు ముందు వారమే ఆమె సార్ గదికి వెళ్ళి అడిగింది.

“సార్, ఏడో రూలు తీసేయండి.”

“చరిత్రలో ఉండేదే రాసినా గదమ్మా. మీ తాతలకు ముద్రలు యాడివి?”

“ముద్రలు లేవు సార్. నోరు ఉండింది.”

సార్ నవ్వాడు. “సరే, పందెం. శనివారం హెడ్మాస్టర్లంతా ఆట చూసేదానికి వస్తా ఉండారు. ఆ రోజు ఒక్క నేతగాడు గద్దె గెలవనీ, మారుస్తా. లేదంటే సోమవారం పుస్తకం అచ్చుకు పోతాది. జిల్లాలో ప్రతి బడికీ.”

ప్రతి బడికీ అంటే రంజని వీధి చివరి బడికి కూడా. మగ్గాలవాళ్ళ పిల్లలు, బీడీలు చుట్టేవాళ్ళ పిల్లలు చదివే బడి అది. తమ తాతలు అడిగిందల్లా ఇచ్చిన మూగవాళ్ళని ఆ పిల్లలు ఆడుకుంటూ, చప్పట్లు కొడుతూ నేర్చుకుంటారు.

ఆ సాయంత్రం రంజని ఈ సంగతి అవ్వ కుప్పమ్మకు చెప్పుకుంది. కుప్పమ్మ నూలు కండెలు చుడుతూ చేయి ఆపకుండానే అంది, “మీ తాత కాలంలో షావుకారు కూలి కోసేసినాడు. వీధిలో ఉండే మొగోళ్ళంతా మగ్గం గుంటల్లో నుంచి లేచి, బయటికొచ్చి అరుగుల మింద కూసున్నారు. సుమ్మా, ఊరికే కూసున్నారు, అంతే. మగ్గానికి కాళ్ళు లేవు. మనకుండాయి గదా నాయనా.”

రంజని లేచి, ఆటకు కావాల్సిన లుంగీ కత్తిరింపులు సంచీలో వేసుకుంది.

శనివారం గుడియాత్తం బస్సులో వచ్చే పిల్లలను సార్ అందరికంటే ముందు రమ్మన్నాడు. ముగ్గు వాళ్ళకే బాగా వచ్చట. వాళ్ళు వంగి కోట గోడలూ బురుజులూ గీస్తుండగానే వెనకాల ముద్రల పంపకం అయిపోయింది. నడుము పట్టుకొని లేచి చూస్తే మిగిలినవి నేతగాళ్ళ వేషాలే. గీసినవాళ్ళు మూలకు, గీతలో నిలబడ్డవాళ్ళు గద్దెకు. ఆటకు గుడ్డముక్కలు కూడా రంజని ఇంటినుంచి తెచ్చిన లుంగీ కత్తిరింపులే.

నాయకుడు వినోద్‌కుమార్. బాగాయం పిల్లవాడు, గొంతు పెద్దది, మనసులో కల్మషం లేదు. మొదటి విడతలో “గుడ్డ” అని చేయి చాచాడు, ఇచ్చారు. పాళెగాళ్ళు గుసగుసలాడారు, షావుకార్లు మాట మార్చారు, హెడ్మాస్టర్లు కాఫీ తాగుతూ భలే భలే అన్నారు. నేతగాళ్ళు మూలన కూర్చొని చూశారు. రంజని పక్కన ఎవాంజలిన్ ఉంది. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. “అక్కా, మనం తినేదానికన్నా పిలుస్తారా?” అని ఆవలించింది.

రెండో విడత. “గుడ్డ” అన్నాడు వినోద్‌కుమార్.

రంజని లేచింది. గుడ్డముక్కల సంచీ చంకన పెట్టుకుంది. ముగ్గుగీత దాటి హాలు గుమ్మం దగ్గరికి పోయి, అక్కడ నేల మీద కూర్చుంది. ఎవాంజలిన్ ఒక్క క్షణం నోరు తెరుచుకొని చూసి ఆమె వెనకే నడిచింది. తర్వాత తక్కిన నేతగాళ్ళంతా లేచారు.

“యాడికి?” అని అరిచాడు నాయకుడు.

“పక్కూరు పళ్ళికొండకు. ఆడ కూడా మనుషులు గుడ్డలు కట్టుకుంటారు.”

హెడ్మాస్టర్లలో ఒకాయన కాఫీ పొరబోయి దగ్గాడు. సార్ గబగబా పుస్తకం తిప్పాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. పాళెగాడు పారిపోతే ఏం చెయ్యాలో ఉంది, షావుకారు దివాలా తీస్తే ఏం చెయ్యాలో ఉంది. నేతగాళ్ళకు కాళ్ళుంటాయని మాత్రం రాసినాయనకు తోచలేదు.

ఆట ఆగిపోయింది. గుడ్డ లేకుండా విడత సాగదు, విడత సాగకుండా గద్దె ఎవరికీ రాదు. ముద్రలు పిడికిళ్ళలో బిగించుకొని పాళెగాళ్ళు దిక్కులు చూస్తున్నారు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఆ రెంటి మధ్యా సార్ హెడ్మాస్టర్ల వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి తిరిగాడు.

అప్పుడు వినోద్‌కుమార్‌కు ఒక ఆలోచన వచ్చింది. గీత దగ్గరికి వచ్చి చేయి చాచాడు. ఆ చేతిలో తన ముద్ర ఉంది.

“రంజనీ, నాయకుడు ఎవరినైనా పాళెగాడు చెయ్యొచ్చు, రూలు ఉండాది. నిన్ను చేస్తా. లోపలికి రా. ఇది నీకే.”

సార్ ముఖం వెలిగిపోయింది. “తీసుకోమ్మా! నీకుండే తెలివికి గద్దె నీదే. పందెం కూడా నువ్వే గెలుస్తావు.”

రంజనికి ఆశ పుట్టింది. ఎందుకు అబద్ధం? అంతమంది పెద్దల ముందు తాను గద్దె మీద కూర్చోవడం కళ్ళకు కట్టింది. పక్కనుంచి ఎవాంజలిన్ మెల్లగా అంది, “పో అక్కా. నువ్వన్నా పో.”

నువ్వన్నా. ఆ మాట రంజనికి చెంపమీద కొట్టినట్టు తగిలింది.

“సార్, ఆ ముద్ర తీసుకుంటే నేను నేతగత్తెనా, పాళెగాడినా?”

“పాళెగాడివే. రూలు ప్రకారం...”

“అయితే గెలిచేది పాళెగాడే గదా సార్. నేతగాళ్ళు ఆ మూలనే ఉంటారు, ఏడో రూలు పుస్తకంలోనే ఉంటాది. నాకొద్దు.”

“మరేం కావాలమ్మా?” సార్ గొంతులో ఉత్సాహం పోయి బతిమాలుడు వచ్చింది.

“ఏడో రూలు కొట్టేయండి. అందాకా గుడ్డ లేదు.”

“సరే, సరే. లోపలికి రండి, కూర్చొని మాట్లాడుకుందాం.”

“లోపల మాకు మాట లేదు సార్. మీరే రాసినారు. మీరు ఈడికి రండి.”

సార్ ముఖం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. చెప్పాను కదా, మంచివాడని. పంచె కాస్త పైకి పట్టుకొని ముగ్గుగీత దాటి వచ్చాడు. వాళ్ళ మధ్య నేలమీద చతికిలబడి, పుస్తకం తొడమీద పెట్టుకొని, ఏడో రూలు మీద అడ్డంగా గీత కొట్టాడు.

“ఏం రాయమంటారు?”

అందరూ రంజని వైపు చూశారు. రంజని ఎవాంజలిన్ వైపు చూసింది.

ఎవాంజలిన్ గొంతు సవరించుకుంది. “నేతగాళ్ళు ఇయ్యం అనొచ్చు. అది రాయండి సార్. మిగిలింది ఆటలో చూసుకుంటాం.”

సార్ రాశాడు. రాసి, కలం మూత పెట్టబోయి ఆగాడు. ఆట కట్టిన మనిషి కదా, సందేహం ఊరుకోనివ్వదు.

“సరేనమ్మా. రేపు ఏ బడిలోనో ఎవడో నాయకుడు దీనికి ఒప్పుకోకపోతే?”

రంజని పొద్దున గుమ్మం పక్కన పెట్టిన ముగ్గుపిండి డబ్బా అందుకొని, మూత తీసి ఆయనకు చూపించింది.

“ఆ కోట గీసింది మేమే సార్. ఇంకోటి గీసుకునేదానికి పిండి ఉండాది.”