గడ్డిలో మాగిన ఫుట్‌బాల్

బాలశౌరి మామిడితోటలో కాయ కోసి ఇంటికొస్తుంటే అతని ఫుట్‌బాల్ వెనకాలే దొర్లుకుంటూ వచ్చేది. అతను టీకొట్టు దగ్గర ఆగితే ఆగేది. ఆదివారం చర్చిలో అతని బెంచీ కింద బుద్ధిగా కూర్చునేది. హనుమాన్ జంక్షన్ బస్సులో కండక్టర్ దానికి కాస్త చోటిచ్చేవాడు. ఆటంటే పడిచచ్చే రెడ్డిగూడెంలో దాన్నెవరూ వింతగా చూడలేదు.

అతని భార్య విజయరాణికి మాత్రం అది కనబడితే ఒళ్లు మండిపోయేది. మొగుడు ఇంటికి రాగానే ముందు బంతిలో గాలి నొక్కి చూస్తాడు, తడిగుడ్డతో తుడుస్తాడు, ఆ తర్వాతే తను కాళ్లు కడుక్కుంటాడు. సవతైతే జుట్టు పట్టుకుని అడిగేది. దీనికి జుట్టు కూడా లేదాయె.

"ఏవండీ, కొత్త చీర కట్టుకున్నాను," అంది ఒకరోజు.

"బాగుంది రాణీ," అన్నాడు, బంతి కుట్లు చూసుకుంటూ.

ఆ మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే బంతిని ఎత్తుకుపోయి, చిన్నరసాలు మాగేసిన గదిలో వరిగడ్డి కింద పూడ్చి తలుపేసింది.

బాలశౌరి ఊరంతా వెతికాడు. అన్నం సహించలేదు.

"నేను పుట్టింటికెళ్తే ఎప్పుడైనా ఇలా బెంగపెట్టుకున్నారా?"

"నువ్వు తిరిగొస్తావుగా!"

ఆ మాటకు ఆమె కుళ్లు ఇంకా పెరిగింది. రోజూ గడ్డి తీసి కాయలు తిరగేసేటప్పుడు బంతి చేతికి తగిలితే విసురుగా నెట్టేది. రానురాను దాన్నీ కాయలతోపాటే తిరగేసి, బొటనవేలితో నొక్కి చూసి కప్పడం అలవాటైంది. పండ్లతోపాటు బంతీ పచ్చబడి, రసాల వాసన వేసింది.

చింతలపూడితో మ్యాచ్ రోజున మొగుడి దిగాలు ముఖం చూడలేక తలుపు తీసింది. బంతి అతని దగ్గరికి పోలేదు. విజయరాణి వెనకాలే దొర్లుకుంటూ గ్రౌండుకొచ్చింది.

ఆటలో బాలశౌరి ఎటు తన్నినా అది వంపు తిరిగి, గీత బయట నిలబడ్డ ఆమె కాళ్ల దగ్గరికే చేరింది. విసిగిపోయి విజయరాణి ఒక్క తన్ను తన్నింది. అది పోయి చింతలపూడి గోలులో పడింది. రిఫరీ చెల్లదన్నాడు. డ్రిల్లు టీచరు సుసన్నా మాత్రం పరుగెత్తుకొచ్చింది.

"అమ్మాయ్, రేపట్నుంచి మా ఆడవాళ్ల జట్టులోకి వచ్చెయ్."

ఇప్పుడు సాయంత్రాలు బాలశౌరే గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. విజయరాణి వస్తుంది, వెనకాలే బంతి.

"రాణీ, చొక్కా కొత్తది," అన్నాడు నిన్న.

"బాగుందండీ," అంది, బంతికంటిన మట్టి తుడుస్తూ.

బాలశౌరికి కడుపు మండిపోయింది. లేచి గదిలోకెళ్లి, వరిగడ్డి ఇంకా ఎంత మిగిలిందో చూసొచ్చాడు.